చూచి చదువుటయా? నోటికి చెప్పుటయా?

తెలుగు భాషలో 'చదువు' అను క్రియకు ఒక విశేషము గలదు. పుస్తకము చూచి పలికినను చదువుటయే, పుస్తకము లేక కంఠస్థముగా పలికినను చదువుటయే. వీరభద్రుని సంబరములో ఖడ్గము పట్టి నిలిచినవాడు ఒక్క అక్షరమును గుర్తింపలేనివాడు కావచ్చును. అయినను అతడు ఖడ్గములు 'చదివెను' అనియే ఊరివారు చెప్పుదురు. పెండ్లిలో పురోహితుడు మంత్రములు చదువును. నాటకములో కృష్ణ పాత్రధారి పద్యము చదువును. వీరిలో ఎవరి చేతను కాగితము లేదు. కథ మాత్రము చదువబడదు, చెప్పబడును. బుఱ్ఱకథ చెప్పుదురు, హరికథ చెప్పుదురు. వ్యాసపీఠముపై పుస్తకము తెఱచి యున్నను, పురాణికుడు పురాణము 'చెప్పుచున్నాడు' అనియే అందురు. అనగా చేత కాగితమున్నదా లేదా అను విభాగమును మన పూర్వులు పెద్దగా పాటింపలేదు. వారు పాటించిన భేదము వేరు. మాట మార్చరానిది చదువబడును. మాట మార్చదగినది చెప్పబడును.

ఈ భేదమును మఱచుట వలననే నేడు మఠములలోను ఇండ్లలోను ఒక వ్యర్థ వివాదము సాగుచున్నది. శివరాత్రి జాగరణమున, బసవ జయంతినాడు, పిల్లలచే పద్యములు, వచనములు, కథలు చెప్పించుట ఆచారము. అప్పుడు కాగితము ముట్టరాదని పెద్దలు పట్టుబట్టుదురు. సెల్‌ఫోనులో చూచి చదివిన తప్పేమని యువకులు అడుగుదురు. పెద్దల మాట నెగ్గినచోట ఏమి జరుగుచున్నది? పదేండ్ల బాలిక మూడవ పాదమువద్ద ఆగిపోవును. సభలో ఎవరో నవ్వుదురు. ఆమె మరల వేదిక ఎక్కదు. యువకుల మాట నెగ్గినచోట చదువువాని ముఖము తెరవెలుగులో మునిగియుండును, కన్ను పైకి లేవదు. శ్రోతలు తమ ముచ్చట్లలో పడుదురు. మొదటి పద్ధతి చెప్పువారిని పోగొట్టుచున్నది, రెండవది వినువారిని పోగొట్టుచున్నది. కావున 'కాగితము ఉండవచ్చునా' అని కాక, 'దేనికి, ఎంతవఱకు, ఎప్పుడు' అని అడుగవలసి యున్నది.

శాస్త్రము ఏమనుచున్నదో మొదట చూతము. పాణినీయ శిక్షలో పాఠకాధములు ఆరుగురు చెప్పబడిరి. రాగము తీయుచు చదువువాడు, త్వరపడి చదువువాడు, తల యూపుచు చదువువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థమెఱుగక చదువువాడు, కంఠబలము లేనివాడు. కాగితమును నిషేధించు పెద్దలు ఈ పట్టికలోని నాల్గవవానిని చూపి వాదింతురు. వారు అయిదవవానిని చూపరు. వ్రాసినది చూచి చదువువాడు ఎంత అధముడో, అర్థమెఱుగక కంఠస్థము చేసినవాడును అంతే అధముడని శాస్త్రము ఒక్క శ్వాసలో చెప్పినది. మన బడులలో చూడక అప్పజెప్పిన పిల్లవానికి మెప్పు దొరకును గాని, ఆ పద్యమునకు అర్థము చెప్పుమని అడుగు గురువులు తక్కువ. ఇద్దరిలో ఒకరినే దండించుట న్యాయము కాదు.

ఆ శిక్ష వేదపాఠమునకు ఉద్దేశింపబడినదనియు గుర్తుంచుకొనవలెను. వేదమునందు స్వరము తప్పిన అర్థమే మాఱునని విశ్వాసము. అందుకే పదపాఠము, క్రమము, జట, ఘనము అని మాటలను ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందుకు అల్లి ధారణను కట్టుదిట్టము చేసిరి. అది ఒక కోవ. జంగము కథకుడు తెల్లవార్లు చెప్పు కథ మఱియొక కోవ. ఒకదాని నియమమును రెండవదానిపై రుద్దరాదు.

తాళపత్రముల సంగతియు కొంత తెలిసికొనదగినది. మన పెద్దలకు పుస్తకములుండగా చూచి చదువలేదా అని కొందఱు అడుగుదురు. తాటాకుపై వ్రాత ఎట్లుండునో చూచినవారికి ఈ సందేహము కలుగదు. ఆకునందు పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యపాదములు వేఱువేఱు పంక్తులుగా నుండవు. అక్షరములు ఆకు చివఱవఱకు ఒకే వరుసగా సాగిపోవును. పెక్కు ప్రతులలో ఎత్వ ఏత్వములకు, ఒత్వ ఓత్వములకు భేదమే కనబడదు. పద్యము ముందే తెలియనివాడు అట్టి ఆకును సభలో గడగడ చదువుట కల్ల. ఎఱిగినవానికి మాత్రము అది మఱచిన మాటను అందించును. తాటాకు నేర్పునది కాదు, గుర్తుచేయునది. ఏలూరు సి.ఆర్.రెడ్డి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, పిమ్మట అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన వెల్చేరు నారాయణరావు ఈ విషయమును విపులముగా చర్చించిరి. మన దేశములో వ్రాత ఎఱిగినవారి నడుమనే ఒక మౌఖిక సంప్రదాయము నడచినదనియు, గ్రంథము వ్రాతలో నిలిచినను దాని బ్రతుకు నోటిలోనే యుండెననియు వారి అభిప్రాయ సారాంశము. వారే జీన్ రోఘైర్ పండితునితో కలిసి బసవపురాణమును ఆంగ్లములోనికి అనువదించి 1990లో ప్రకటించిరి.

ఇక బసవపురాణము దగ్గఱకే వత్తము. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున ఈ గ్రంథమును సంస్కృత వృత్తములలో గాక ద్విపదలో, జాను తెనుగున రచించెను. అందఱికి తెలియవలెనని తానే కారణము చెప్పుకొనెను. భక్తుల నోళ్లలో నలిగిన కథలను గ్రహించి, మరల భక్తుల నోళ్లకే అందింపదలచినవానికి ద్విపదకు మించిన సాధనము లేదు. ఎందుచేతనో ఛందస్సును బట్టి చూపవచ్చును.

ద్విపదకు రెండు పాదములు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదటి అక్షరము పాదము మొదటి అక్షరముతో యతి కుదురవలెను. రెండు పాదములలోను రెండవ అక్షరము ప్రాసగా ఒక్కటిగా నుండవలెను. ప్రాస లేనిది మంజరీ ద్విపద. పిల్లలకు చెప్పుటకై కొల్లేటికోట జాతరను గూర్చి ఇట్లొక ద్విపద అల్లుకొనవచ్చును:

పల్లెల జనమెల్ల పడవల వచ్చి
కొల్లేటి నడుమున్న కోటకుఁ జేరె.

మొదటి పాదము గుర్తుండి రెండవది మఱచిన బాలుని ఊహింపుడు. మొదటి పాదములో రెండవ అక్షరము 'ల్ల'. కావున రెండవ పాదమందును రెండవ అక్షరము 'ల్ల'యే కావలెను, దానికి ముందున్నది గురువు కావలెను. ఊరి పేరు కొల్లేరు అని స్ఫురించిన చాలును, పాదము మొదలు దొరకినది. 'కొ' అని మొదలైనచో మూడవ గణము 'కో' వంటి అక్షరముతోనే రావలెను. కోట తానై వచ్చి నిలుచును. ఎవడైనను తొందరలో 'నడుమున్న దీవికిఁ జేరె' అనెననుకొనుడు. అర్థము చెడలేదు, గణములును సరిపోయినవి. అయినను యతి చెడినది, వినుచున్న పెద్దవాని చెవికి అది వెంటనే గుచ్చుకొనును. 'పల్లెల' అనుటకు 'గ్రామాల' అన్నచో ప్రాసయు యతియు రెండును పోవును. మఱచిన మాటను వెదకి పట్టుటకును, మాఱిన మాటను పసిగట్టుటకును కావలసిన గుర్తులన్నియు ఆ రెండు పాదములలోనే యున్నవి. జేబులోని చీటీ చేయు పని ఇదియే గదా! ద్విపద తన చీటీని తన లోపలనే దాచుకొన్న పద్యము.

వృత్తములకును ఇట్లే. ఉత్పలమాలకు పాదమునకు 20 అక్షరములు, పదవ అక్షరము యతి. శార్దూలమునకు 19, పదమూడవది యతి. నాలుగు పాదములకును ఒకే ప్రాస. కాని ఇక్కడ ఒక ప్రమాదము పొంచియుండును. ప్రాస నాలుగు పాదములలోను ఒకటే యగుటచే రెండవ పాదమునుండి నాల్గవ పాదమునకు జాఱిపోవుట సులభము. పద్యము నడుమ ఆగిపోవు పిల్లలలో పలువురు అర్థమును విడిచి చప్పుడును మాత్రమే పట్టుకొన్నవారు. అన్వయము తెలిసినవాడు కర్తను చెప్పి క్రియను మఱవడు. ఇచ్చటనే ఆ 'అర్థమెఱుగనివాడు' మరల మన ముందు నిలుచును.

సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణము చూచినవారికి, శ్రీశైలయాత్రలో జనులు ఎన్ని విధముల పాడుచుండిరో తెలియును. తుమ్మెద పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు అని ఆ కవి పేర్లు పెట్టి చెప్పెను. కొండ యెక్కుచు పాడు ఆ యాత్రికులు పుస్తకము చేత పట్టి పాడియుండరు. విచారింపదగినది ఏమనగా, ఆ పదముల పేర్లు నేడు మనకు తెలియుచున్నవన్నచో సోమనాథుడు వ్రాసినందుననే. నోట నున్నవి చాలవఱకు నోటితోనే పోయినవి. ఆకుపై ఎక్కిన పేరు నిలిచినది. కంఠస్థమును మాత్రమే పొగడువారు ఈ లెక్కను కూడ చూడవలెను.

ఇందుకు ఎదురు లెక్కయు కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో భద్రపఱుపబడెను. ఆయన 1503లో పరమపదించెను. గత శతాబ్ది తొలి దశకములలో ఆ రేకులు వెలికి వచ్చి అచ్చుపడినప్పుడు, మాటలున్నవి, తలపై రాగము పేరున్నది, కాని పాట ఎట్లు పాడబడెనో చాలవఱకు తెలియలేదు. నేడు మనము వినునవి పెక్కు ఇటీవలి విద్వాంసులు కట్టిన వరుసలే. రేకు మాటను కాపాడినది, వరుసను కాపాడలేకపోయినది. వరుస ఒక నోటినుండి మఱియొక నోటికి పోవలసినదే, దానికి వేఱు త్రోవ లేకుండెను. మన వచనములకును ఇట్టి గ్రహచారమే పట్టినది. కన్నడ సీమలో పెక్కు ఇండ్లయందు వచనముల కట్టలు దేవుని గదిలో పూజలందుకొనుచుండెను గాని విప్పి చదువువారు అరుదైరి. ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) ఇల్లిల్లు తిరిగి ఆ ప్రతులను సేకరించి, 1923లో వచనశాస్త్రసారము తొలి సంపుటమును ప్రకటించిన పిమ్మటనే వచనములు మరల లోకము నోటికి ఎక్కినవి. పూవులు వేసి కట్టి పెట్టిన గ్రంథము పలుకదు. విప్పినవాని నోటనే పలుకును.

కథ విషయము వేఱు. కొల్లేటి లంకలలో దీనిని బాగుగా గమనింపవచ్చును. కైకలూరు, ఆకివీడుల నడుమ నున్న కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమాసమున జరుగును. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణము ఆ ఉత్సవములో ముఖ్యము. బాటలు పడక పూర్వము జనులు పడవలపైననే చేరెడివారు. జాతర రాత్రులలో హరికథయో బుఱ్ఱకథయో చెప్పించుట ఈ సీమ అంతటను వాడుక. చెఱువుగాలికి దీపము రెపరెపలాడుచోట, తేమకు కాగితము మెత్తబడుచోట, చేత పుస్తకము పట్టి చెప్పుట ఎవరి తరమును కాదు. అసలు కథకునికి పుస్తకము పట్టుటకు చేయి ఎక్కడిది? బుఱ్ఱకథకు జంగము కథయే మూలమని పండితుల మాట. ప్రధాన కథకుని భుజముపై తంబుర, వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలతో నిలుతురు. పూర్వము జంగము కథలో తఱచు ఇంటి స్త్రీలే వంతలుగా నుండిరి. హరికథకుడు చేత చిడతలు పట్టును. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) చిడతలు పట్టి, గజ్జె కట్టి, పాడుచు ఆడుచు కథ నడపినవారు. ఈ కళలు పుట్టుకతోనే చేతిలోని కాగితమును తోసివేసినవి.

అట్లని కథకుడు వేలకొలది పంక్తులను అక్షరమక్షరము బట్టీ పట్టెనని తలపరాదు. అతడు పట్టినది కథ యొక్క ఎముకల గూడు, వరుసలు, వర్ణనలు. యుద్ధమునకు బయలుదేరు వర్ణన ఒకటి, రాణి విలపించు వరుస ఒకటి, ఊరేగింపు ఒకటి. ఇవి ఏ కథలోనైనను పేర్లు మార్చుకొని వచ్చి కూర్చుండును. ఒక చరణము పాడి ఆపగా వంతలు 'తందాన తాన' అని అందుకొందురు. ఆ కొద్ది క్షణములలో కథకుడు తరువాతి చరణమును కూర్చుకొనును. వంతపాట శ్రోతకు విందు, కథకునికి ఊపిరి, జ్ఞాపకమునకు వ్యవధి. కథకుడు తడబడినట్లు తోచిన వెంటనే హాస్యపు వంత ఏదో ప్రశ్న వేయును, సభ నవ్వును, ఆ నవ్వులో తెగిన దారము మరల ముడిపడును. తప్పిపోయినట్లు ఎవరికిని తెలియదు. ఒంటరిగా నిలువబెట్టి, ఏ తోడును ఇయ్యక, పదేండ్ల పిల్లను కాగితము లేకుండ చెప్పుమని శాసించువారు, వృత్తి కథకుడు సైతము అట్లు ఒంటరిగా చెప్పడని గ్రహింపవలెను.

ఐరోపాలోని యుగోస్లావియా దేశమున మిల్‌మన్ పారీ అను అమెరికను పండితుడు 1933–35 సంవత్సరములలో, తంత్రీవాద్యముపై వీరగాథలు పాడు పల్లెటూరి గాయకుల పాటలను యంత్రములపై ముద్రించెను. శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పరిశోధనను 1960లో గ్రంథముగా వెలువరించెను. ఆ గాయకులు తాము ఒక్క మాటయు మార్చక పాడుచున్నామని ప్రమాణముగా చెప్పెడివారు. పోల్చిచూడగా ఒకే గాయకుడు రెండు మాఱులు పాడిన ఒకే గాథలో మాటలు భిన్నముగా నుండెను. వారు అబద్ధమాడలేదు. కథ తప్పకుండుటయే వారి దృష్టిలో మాట తప్పకుండుట. అచ్చు పుస్తకమును చూచి వల్లించుట మొదలిడిన గాయకునికి ఆ కూర్పు శక్తి సన్నగిల్లునని లార్డ్ వ్రాసెను. మన దేశమున ఈ మాట పూర్తిగా చెల్లదు. రోఘైర్ పండితుడు అలిసెట్టి గాలేయ్య అను కథకుని నోట పల్నాటి వీరుల కథను విని, అనువదించి 1982లో ప్రకటించెను. అదే కథ శ్రీనాథుని పేర మంజరీ ద్విపదలో గ్రంథముగా నున్నది. రెండును ప్రక్కప్రక్కనే బ్రతికినవి. షేక్ నాజరు (1920–1997) వంటి కథకుల కాలములో సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' వంటి బుఱ్ఱకథలు వ్రాతలోనే పుట్టి, కంఠస్థమై, వేదికలపై ప్రాణము పోసికొన్నవి. వ్రాత కథకుని చంపదు. వేదికపై కథకుని కంటికి కాగితము అడ్డు నిలిచినప్పుడే చేటు.

అవధానమును గూర్చి ఒక్క మాట. ధారణకు పరాకాష్ఠ శతావధానమని అందఱు ఎఱుగుదురు. భీమవరము సీమలోని యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) జంటకవులుగా ఆ విద్యను ఊరూరను వెలిగించిరి. నూర్గురు పృచ్ఛకులకు ఒక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తులు చెప్పి, కడపట నూఱు పద్యములను వరుసగా ధారణ చేయుట సామాన్యము కాదు. అయితే అవధాని చేత కాగితము లేదు గాని పృచ్ఛకుని చేత నున్నది! చెప్పిన పాదమును అతడు వ్రాసికొనును. అది లేనిచో ధారణ సరిగా జరిగెనో లేదో తేల్చువారెవరు? ఎంతటి ధారణకైనను ప్రక్కన ఒక వ్రాత సాక్షిగా కూర్చున్నది.

కావున ఇండ్లలోను మఠములలోను అనుసరింపదగిన పద్ధతి ఏది? పద్యము, ద్విపద, మంత్రము మాట మార్చరానివి. వీనిని చిన్ననాటనే నోటికి తెప్పించవలెను. అయితే ముందు అర్థము, తరువాత పదవిభాగము, ఆ పిమ్మటనే వల్లె. రాత్రి నిద్రకు ముందు ఒకమాఱు, తెల్లవారుజామున లేవగనే ఒకమాఱు చెప్పించుట పూర్వపు బడుల పద్ధతి, దానిని విడువవలసిన కారణము కనబడదు. చివరి పాదమునుండి నేర్పుట కూడ ఒక ఉపాయము. పిల్లలు మొదటి పాదమును వందమాఱులు, చివరి పాదమును పదిమాఱులు చెప్పుదురు. అందుచే పద్యము పోనుపోను బలహీనమగును. నాల్గవ పాదము, తరువాత మూడు నాలుగు, తరువాత రెండు మూడు నాలుగు అని నేర్పినచో, చెప్పునప్పుడు తెలియని చోటునుండి తెలిసిన చోటికి పోవుచున్నట్లుండును, భయము తగ్గును.

వచనమునకు గణములు లేవు, యతి ప్రాసల కావలి లేదు. ఒకే వాక్యనిర్మాణము మరల మరల వచ్చుట, చివర అంకితము వచ్చుట, ఇవియే దానికి ఆనవాళ్లు. కావున మాట తెలియకుండ మాఱిపోవు భయము వచనమందే ఎక్కువ. తెలుగు అనువాదమున చెప్పునప్పుడు మఱియు ఎక్కువ. వచనమును చూచి చదివినను దోషమెంచరాదని చెప్పదగును. చూచి చదివినను ప్రతి వాక్యము చివర తల యెత్తి సభను చూడవలెను. వాక్యమంతయు ఒక్కసారి కంటితో గ్రహించి, తల యెత్తి పలుకుట అభ్యాసముచే రెండు మూడు వారములలో పట్టుబడును. కర్ణాటకమున గమక కళలో ఒకరు కావ్యమును రాగయుక్తముగా చదువగా వేఱొకరు వ్యాఖ్యానము చెప్పుదురు. చదువువాడు గ్రంథమును చూచును, వ్యాఖ్యాత సభను చూచును. బసవపురాణ కాలక్షేపమునకు ఈ పంపకము మిక్కిలి తగినది. కన్ను మసకబారిన పెద్దవారు వ్యాఖ్యానము చెప్పవచ్చును, కంఠము స్పష్టమైన పిల్లలు ద్విపద చదువవచ్చును. ఇరువురికిని పని దొరకును.

కథకు చీటీ ఉండవచ్చును. కాని దానిలో కథ వ్రాయరాదు. పేర్లు, ఊళ్లు, వరుస మాత్రము వ్రాయవలెను. అఱచేతిలో పట్టునంత కాగితము చాలును. ఎందుకనగా కథకుడు మఱచునది కథను కాదు, పేరును. తరువాతి ఘట్టము ఏదను సందేహము వచ్చినను చీటీ తీర్చును. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన గుడ్డపటములు ఇట్టి చీటీలే. కథకుడు పటమును విప్పుచు ఒక్కొక్క ఘట్టమును కఱ్ఱతో చూపుచు చెప్పును. బొమ్మ శ్రోతకు చూపుటకే అని తలతుము గాని, అది కథకునికి వరుసను గూడ చూపుచున్నది. సెల్‌ఫోను ఈ పనికి తగదు. తెర ఆఱిపోవును, వ్రేలు తగిలి పుట జాఱును, నడుమ ఎవరో పిలుతురు. పద్యములకైనచో, కావ్యముల చివర అచ్చువేయు పద్యానుక్రమణిక వలె, మొదటి మాటలు మాత్రము వరుసగా వ్రాసికొన్న కాగితము వ్యాసపీఠముపై నుండవచ్చును. మొదటి మాట దొరకినచో తక్కినది ఛందస్సే లాగుకొని వచ్చును.

సభలో చెప్పు పిల్లవాని ప్రక్కన ఒకరు పుస్తకముతో కూర్చుండుట అవసరము. పద్యనాటకములో తెర ప్రక్కనుండి మాట అందించు ప్రాంప్టరు ఉండగా దానిని ఎవరును నటుని అవమానముగా ఎంచరు. మఠములో మాత్రము ఎందుకు ఎంచవలెను? ఆగినచోట ఒక్క మాట మెల్లగా అందించిన చాలును. మొత్తము పాదము అందింపరాదు, అందించినచో వానిని ఓడించినట్లగును.

పుస్తకము పట్టి కూర్చున్నవానికి మఱియొక పనియు గలదు. వృద్ధులు చెప్పునప్పుడు పుస్తకములో లేని మాట వచ్చుట సహజము. దానిని తప్పని అడ్డగింపక గుర్తు పెట్టుకొనవలెను. అచ్చు ప్రతియందు జాఱిపోయిన పాఠము ఆ నోట నిలిచియుండవచ్చును. సి.పి.బ్రౌను (1798–1884) కొలువు ముగించుకొని తన దేశము పోవునాటికి వేలకొలది ప్రతులను వెదకి వ్రాయించియుండెను. జంగముల ఆచారములను వాఙ్మయమును గూర్చి 1840లో ఆంగ్లమున వ్యాసమును ప్రకటించెను. జానపద గేయములకై బిరుదురాజు రామరాజు తెలంగాణమునను, నేదునూరి గంగాధరము గోదావరి సీమయందును తిరిగి వ్రాసికొన్నవి నేడు మనకు మిగిలినవి. జంగము కథ చెప్పు కుటుంబములలో పిల్లలు వేఱు పనులలోనికి పోవుచున్నారు, అది వారి తప్పు కాదు. అయినను ఆ ఇండ్ల పెద్దల నోట నున్న కథలు ఏ మఠమునందును వ్రాతపడి లేవు. అవి ఒక్కొక్క మరణముతో ఒక్కొక్కటిగా పోవుచున్నవి. వారిచే చెప్పించునప్పుడు సెల్‌ఫోనును కథకుని చేతినుండి తీసి వినువాని చేతికి ఇచ్చినచో, దానికి తగిన పని దొరకును. శబ్దమును ముద్రించిన పిమ్మట తీరికగా కాగితముపై ఎక్కింపవచ్చును. వరుస కూడ నిలుచును. రాగిరేకులకు లేకపోయిన భాగ్యమిది. వ్రాయు నోటుపుస్తకమునకు మొదటి పుటలో కథ పేరు, చెప్పినవారి పేరు, ఊరు, వారు ఎవరివద్ద నేర్చిరో ఆ గురువు పేరు, తిథి వార సంవత్సరములు వ్రాయవలెను. కుడిపుటలో విన్నది విన్నట్లు వ్రాసి, ఎడమపుటను ఖాళీగా విడువవలెను. మరుసటి ఏడు అదే కథను అదే పెద్దచే మరల చెప్పించి, మాఱిన మాటలను ఆ ఎడమపుటలో చేర్చుకొనవలెను.